వేడి తగలని గీతలు

మార్చి 5, బుధవారం

నా పిచ్చుకకి,

అక్క రాస్తున్నాను. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటి, కొంపదీసి ఏమైనా అయిందా అని కంగారుపడకు. అందరం బాగున్నాం.

పోయినేడు ఈ శ్రమకాలం నలభై రోజులూ రోజూ ఫోన్లో కలిసి ప్రార్థన చేసుకుందామని మొదలుపెట్టి ఏం చేశామో గుర్తుందిగా. ప్రార్థన మూడు నిమిషాలు, కబుర్లు ముప్పావుగంట. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం మానేసిందో తెలిసింది గానీ వాక్యం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అందుకని ఈసారి ఒకటి అనుకున్నాను. పునరుత్థాన ఆదివారం దాకా మనిద్దరి మధ్యా ఫోన్ మానేద్దాం. అదే మన ఉపవాసం. ప్రాణం మీదికొస్తే తప్ప ముట్టుకోకూడదు. రోజూ ఉదయం ఆరింటికి నువ్వక్కడా నేనిక్కడా ఒకే భాగం పైకి చదవాలి. ఉత్తరాలు రాసుకోవాలి. ప్రతి ఉత్తరంలో, చదివినదాంట్లో మనల్ని భయపెట్టింది ఒకటి రాయాలి. ఓదార్చింది వద్దు. ఓదార్పులు మనకి నోటికొచ్చు.

మీ బావ విని, "మీరిద్దరూ ఫోన్ మానేస్తే ఆ టవర్ మీద కాకులు గూడు కట్టేస్తాయి" అన్నారు.

ఏ వారం ఏం చదవాలో వెనకవైపు రాశాను. మొదటివారం అరణ్యంలో ఆకలి. రెండోవారం పడవా, తుపానూ. మూడోవారం కుంచం కింద దాచిన దీపం. ఆ తర్వాత చివరిదాకా ఒకటే భాగం: ప్రభువుని పట్టుకుపోయిన రాత్రి ముంగిట్లో చలిమంట కాచుకుంటూ, ఆయనెవరో నాకు తెలీదన్న జాలరి శిష్యుడి కథ.

ఈ ఉదయం నన్ను భయపెట్టింది చెప్తాను. అరణ్యంలో ప్రభువుని సాతాను అడిగినది చూడటానికి తప్పుపనిలా లేదు. ఆకలితో ఉన్నవాడికి రొట్టె. చెడు చెడులా వస్తే నేను పోల్చుకోగలను. సాయంలా వస్తే? కుట్టుమిషను ముందు కూర్చున్నా అదే ఆలోచన. ఒక చొక్కాకి చేతులు తిరగేసి కుట్టాను.

ఆరింటికి నీతో గొంతు కలిపే,
అక్క

*

మార్చి 10, సోమవారం

అక్కా,

నీ ఉత్తరం చేతికిచ్చి మీ మరిది "ఎవరు పోయారు?" అన్నారు. మన ఇంటికి ఉత్తరం వచ్చి అన్నేళ్ళయింది మరి. సరే, ఒప్పుకున్నాను. ఫోన్ కట్టేసి బీరువాలో పెట్టేశాను. నీతో మాట్లాడకపోతే ఇక దాంతో నాకేం పని?

ఉదయం డ్యూటీ వారమంతా నేను ఆరింటికి ఆసుపత్రిలోనే ఉంటాను. అక్కడే చదువుతున్నాను. ఎనిమిది నెలలైనా నా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు కదా. ఆపరేషన్లో వాడిన కత్తెర్లూ పట్టకార్లూ మా గదికొస్తాయి. కడిగి, ఆరబెట్టి, ఆకుపచ్చ గుడ్డలో రెండు మడతలు చుట్టి, ఆవిరి యంత్రంలో పెట్టాలి. తలుపు బిగించాక అది మన పెద్దమామయ్య నిద్రపోతున్నట్టు బుసకొడుతుంది. అయ్యాక మూటల్ని గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి థియేటర్ వాళ్ళకి అందించాలి. అందుకునే నర్సుకి మేం తొందరమ్మ అని పేరు పెట్టాం. ఆవిడ "ఏదీ?" అని అడగని గడియ లేదు.

నన్ను పనిలో పెట్టించింది పెద్ద సిస్టరు. మా గదికి ఆవిడే అధికారి. జూన్‌లో రిటైరవుతారు. "కంటికి కనపడే మురికి ఎవరైనా కడుగుతారు తల్లీ. మనిషిని చంపేది కనపడనిదే. మన పని దాంతో" అంటారు. నా మీద ఆవిడకి ఎంత నమ్మకమంటే, రోజు చివర నేను రాసిన పేజీ చూడకుండానే సంతకం పెట్టేస్తారు.

నన్ను భయపెట్టింది: అరణ్యంలో ఆయన పక్కన ఎవరూ లేరు. లొంగిపోయినా చూసేవాళ్ళు లేరు. ఉదయంపూట మా గదిలోనూ నేనొక్కదాన్నే అక్కా.

చొక్కా చేతులు విప్పి కుట్టావా? ఆ గిరాకీ నీ పీక పట్టుకుంటాడు.

నీ పిచ్చుక

*

మార్చి 17, సోమవారం

అక్కా,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. ఇందులో ఒక కాగితం పట్టీ పెట్టాను. నీ గ్రంథంలో ఉంచు.

పడవ భాగం చదివాను. నన్ను భయపెట్టింది తుపాను కాదు. ప్రభువు పడవలో నిద్రపోతున్నారు, లేపాల్సినవాళ్ళు పక్కనే ఉన్నారు. వాళ్ళు లేపకుండా ఊరుకుని ఉంటే ఏమయ్యేదా అని.

ఒక మనిషికి జ్వరం వచ్చింది. ఆయన కోసం ప్రార్థన చేయి. పేరు అడగొద్దు. జ్వరం తగ్గాలి అక్కా. ఎలాగైనా తగ్గాలి. ఇవాళ ఇంతే.

పిచ్చుక

*

మార్చి 21, శుక్రవారం

నా బంగారానికి,

నీ ఉత్తరం చదివి గుండె జల్లుమంది. పేరు అడగొద్దంటే నాకు తెలీదనుకున్నావా? ఆడది పేరు చెప్పకుండా దాచేది ఎవరిది, భర్తది కాక! మరిదిగారికి ఎన్నాళ్ళ నుంచి జ్వరం? నాలుగు రోజులు దాటితే రక్తపరీక్ష చేయించు. ఆయన మందులు మింగినట్టు నటించి కిటికీలోంచి పారేసే రకం, దగ్గరుండి మింగించు.

బుధవారం స్త్రీల కూడికలో ఆయన పేరు చెప్పి మోకాళ్ళ మీద ప్రార్థన చేశాం. పద్దెనిమిది మందిమి. పాస్టరమ్మగారు కన్నీళ్ళు పెట్టుకున్నారు.

నువ్వు పంపిన పట్టీ ఎంత బాగుందో. తెల్లకాగితం మీద లేత గులాబీ గీతలు. చిన్నప్పుడు రంగు కాగితాలు కత్తిరించి నా పుస్తకాల్లో పేజీ గుర్తులు పెట్టేదానివి, అది జ్ఞాపకం వచ్చింది. భర్త మంచం పట్టినా అక్కకి పేజీ గుర్తు పంపే మనసు నీకే ఉంది. ఈ వారం భాగం దగ్గరే పెట్టుకున్నాను.

దీపం మాటలో నాకు భయం వేసింది ఇక్కడ: దాచింది ఏదీ దాగదట. చిన్నప్పటి నుంచి వింటున్నదే, ఈసారి ఎందుకో ఆ మాట దగ్గర ఆగి మళ్ళీ చదివాను. నా దగ్గరా ఒకటి ఉంది, దాచింది. ఎప్పుడైనా రాస్తాను.

మీ బావ టవర్ వైపు చూసి రోజూ కాకుల్ని లెక్కపెడుతున్నారు.

నీ కోసం మోకరించే,
అక్క

*

మార్చి 26, బుధవారం

అక్కా,

మీ మరిది గుండ్రాయిలా ఉన్నారు. పద్దెనిమిది మంది ఏడ్చారని చెప్తే, "నేనింకా బతికే ఉన్నానని వాళ్ళకో కార్డు ముక్క రాయి" అన్నారు. మామూలుగా అయితే పడీపడీ నవ్వేదాన్ని.

జ్వరం వచ్చింది ఆసుపత్రిలో ఒకాయనకి. ఇళ్ళకి నీళ్ళ గొట్టాలు వేసే ప్లంబరు. పదమూడో తారీకున మోకాలికి ఆపరేషన్ అయింది. లోపల చీము పట్టింది. మొన్న మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళి కుట్లు విప్పారు. ఆయన భార్య వరండాలో బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని అడుగుతోంది, "మళ్ళీ మోకాలు మడవగలరా?" అని. మడవకపోతే ఆయన పనేముంది? మనం మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తాం, ఆయన మోకాళ్ళ మీద బతుకుతాడు.

నేను అటు వెళ్ళకుండా వెనక మెట్ల నుంచి తిరిగి వెళ్తున్నాను. ఎందుకని అడగకు. ఇంకో ఉత్తరంలో రాస్తాను, ధైర్యం వస్తే.

ఆ పట్టీ పేజీ గుర్తు కాదు. బయటికి తీయకు. దాన్ని అలాగే ఉంచు, ఏమీ చేయకు. ఇంట్లో పెట్టుకోలేక నీకు పంపాను.

పిచ్చుక

*

మార్చి 27, గురువారం

పిచ్చుకా,

నిన్న ఒక వింత జరిగింది, చెప్పేదాకా ఆగలేను.

మందిరంలో బల్లమీద పరిచే తెల్లగుడ్డ నాకే ఇచ్చారు ఇస్త్రీకి. గ్రంథం పక్కన తెరిచి పెట్టుకుని ఆవిరి ఇస్త్రీపెట్టెతో రుద్దుతున్నాను. నీ పట్టీ ఎప్పుడు జారిందో గుడ్డ కిందికి చేరింది. నేను చూసుకోకుండా పైనుంచి రెండు మూడుసార్లు గట్టిగా రుద్దేశాను. గుడ్డ ఎత్తితే ఏముంది, నీ గులాబీ గీతలన్నీ నల్లగా కాటుకలా మారిపోయాయి! కాల్చేశానేమోనని ప్రాణం ఉసూరుమంది. కాగితం మాత్రం చెక్కుచెదరలేదు. మీ బావ తిప్పి తిప్పి చూసి, "మీ చెల్లెలు మంత్రగత్తె దగ్గర చేరిందా?" అన్నారు.

సాయంత్రం కూడికలో అందరికీ చూపించాను. "ఈ గీతల్లాగే మన విశ్వాసమూను. వేడి తగిలితే గానీ రంగు బయటపడదు" అన్నాను. అంతా ఆమెన్ అన్నారు. ఒకావిడ తనకీ అలాంటిది తెప్పించమంది. ఎక్కడ కొన్నావు?

మరిదిగారికి జ్వరం తగ్గిందా? నీ ఉత్తరం కోసం చూస్తున్నాను.

అక్క

*

మార్చి 31, సోమవారం

అక్కా,

నీ ఉత్తరం చదివి మా వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. ఇక దాచలేను. మొత్తం రాస్తాను. చదివాక చింపెయ్యి.

అది యంత్రంలో పెట్టే స్ట్రిప్పు. ప్రతి విడతకీ మధ్యలో ఒక మూటలో పెడతాం. ఆవిరి వేడి లోపలిదాకా తగిలితే గీతలు నల్లబడతాయి. తగలకపోతే గులాబీగానే ఉంటాయి. ముందు ఆ మూట విప్పి, గీతలు నల్లబడ్డాయని చూసి, రిజిస్టరులో అంటించి, ఆ తర్వాతే మిగతా మూటలు కిటికీలోంచి ఇవ్వాలి. నేను నేర్చుకున్న మొదటి పాఠమే అది.

పదమూడో తారీకు ఉదయం మధ్యలో కరెంటు పోయి వచ్చింది. యంత్రం మీద వేడి చూపే ముల్లు కిందికి దిగి మళ్ళీ ఎక్కింది. నియమం ప్రకారం మొదటినుంచి పెట్టాలి, ఇంకో నలభై నిమిషాలు. తొందరమ్మ కిటికీలో తల పెట్టింది. "రోగి బల్ల మీద ఉన్నాడు. డాక్టరుగారు చేతులు కడుక్కుంటున్నారు. నీ యంత్రానికి కూడా మత్తు ఇచ్చావా ఏమిటి?" అంది. వెనక ఎవరో నవ్వారు. నాకు సిగ్గేసింది. అయిపోయి ఉంటుందిలే అనుకుని మూటలు ఇచ్చేశాను. ఇచ్చాక స్ట్రిప్పు తీసి చూశాను. డబ్బాలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

థియేటర్ తలుపు మా గది నుంచి నలభై రెండు అడుగులు అక్కా. అప్పటినుంచి రోజూ నడిచి లెక్కపెడుతున్నాను. ఆ రోజు పరుగెత్తి ఉంటే ఆపేవాళ్ళు. తిడితే తిట్టేవాళ్ళు. నేను స్ట్రిప్పు పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆపరేషన్ మొదలైందని తలుపు మీద ఎర్రబల్బు వెలిగింది. ఇక లాభం లేదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

పారేస్తే అబద్ధం పూర్తవుతుందని పారేయలేకపోయాను. ఉంచుకుంటే కళ్ళు మూతపడటం లేదు. అందుకని నీకు పంపాను. నువ్వు దాన్ని నల్లగా చేశావు.

రిజిస్టరులో ఆ రోజు చోటు ఖాళీగా ఉంది. కింద పెద్ద సిస్టరు సంతకం ఉంది. ప్లంబరు కాలు సంగతి తేల్చడానికి ఏప్రిల్ పదిహేడున కమిటీ కూర్చుంటుంది, రిజిస్టరు అడిగారు. పెద్ద సిస్టరు, "ఎక్కడో జారిపోయి ఉంటుంది, వెతుకు తల్లీ" అంటున్నారు. ఆ ఖాళీ ఆవిడ మెడకే చుట్టుకుంటుంది. చెప్తే నా ఉద్యోగం పోతుంది. కేసు పెడతారని కూడా అంటున్నారు. ఆ ప్లంబరుకేమైనా అయితే? మీ మరిదికి ఇంకా చెప్పలేదు.

ఏం చేయను? అమ్మ పోయాక నాకేం చేయాలో చెప్పింది నువ్వే. నువ్వేం చెప్తే అది చేస్తాను.

పిచ్చుక

*

ఏప్రిల్ 4, శుక్రవారం

పిచ్చుకా,

నీ ఉత్తరం చింపేశాను. మీ బావకి చెప్పలేదు.

స్ట్రిప్పు ఇందులో పెట్టాను. నల్లగానే ఉంది. అది నా ఇస్త్రీపెట్టె కిందికి జారటం ఊరికే జరిగిందంటావా? దేవుడే దారి తీశాడేమో. దాని చోట దాన్ని అంటించు. పెద్ద సిస్టరు పరువు నిలుస్తుంది, ఆవిడ జూన్‌లో ప్రశాంతంగా ఇంటికెళ్తారు. నువ్వు కావాలని చేయలేదు. కరెంటు పోయింది, ఆవిడెవరో తొందరపెట్టింది. నువ్వు జైలుకెళ్తే ఆయన మోకాలు బాగవుతుందా? ఆయన కోసం మనం ప్రార్థన చేద్దాం, రోజూ చేద్దాం.

ఊరుకో తల్లీ. ఎవరితోనూ ఏమీ అనకు.

అక్క

*

ఏప్రిల్ 9, బుధవారం

నా చెల్లీ,

మొన్న పంపిన ఉత్తరం నీకు చేరకపోతే బాగుండు. చేరితే, అందులో నేను చెప్పింది చేయకు. ఆ కాగితం అంటించకు.

ఆరోజు నుంచి ఆరింటికి చదవలేకపోయాను. గొంతు నొప్పి అని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. ఇవాళ బలవంతాన కూర్చుని చలిమంట భాగం తీశాను. ఆ శిష్యుడు ఎందుకు బొంకాడో నాకెప్పుడూ అర్థమయ్యేది కాదు. అంత ప్రేమించినవాడు ఒక పనిపిల్ల అడిగితే బొంకటమేమిటి అనుకునేదాన్ని. ఇవాళ తెలిసింది. వాడికి చలి వేస్తోంది. మంట వెచ్చగా ఉంది. లేచి వెళ్ళిపోవాలంటే భయం. నేనూ ఆ మంట దగ్గరే కూర్చున్నాను పిచ్చుకా. నువ్వెక్కడ నాకు దక్కకుండా పోతావోనన్న భయం, నిన్నింకా చంకనెత్తుకుని తిరుగుతున్నాననే వెచ్చదనం.

దాచింది ఒకటుందని రాశాను కదా. నీకు తొమ్మిదేళ్ళప్పుడు బంతి విసిరి బళ్ళో గోడగడియారం పగలగొట్టావు. ఏడుస్తూ నా దగ్గరికొచ్చి, హెడ్మాస్టరుగారికి చెప్పేస్తానన్నావు. నేను నీ నోరు మూశాను. "ఊరుకో తల్లీ. ఎవరితోనూ ఏమీ అనకు" అన్నాను. బడి ఊడ్చే ఆవిడని పనిలోంచి తీసేశారు. ఆవిడ మన వీధిలోంచే వెళ్ళేది, చీపురు లేకుండా. నువ్వు మర్చిపోయి ఉంటావు. నేను మర్చిపోలేదు. ముప్పైఐదేళ్ళ తర్వాత అదే మాట, అక్షరం మారకుండా, మళ్ళీ నీకు రాసి పంపాను. దానికి దేవుడి పేరు కూడా తగిలించాను. అదే నాకు ఎక్కువ భయం వేస్తోంది. అరణ్యంలో సాయంలా వచ్చేదాన్ని పోల్చుకోగలనా అని మొదటి ఉత్తరంలో రాశానే, అది నా చేతిరాతతోనే నీ ఇంటికొచ్చింది.

ఉపవాసం తప్పాను. ఉదయం నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాను, నీది కట్టేసి ఉంది. మరిదిగారికి చేస్తే ఎత్తారు. ఆయనకేమీ తెలీదని అప్పుడు గుర్తొచ్చింది. తడబడి "జ్వరం తగ్గిందా?" అన్నాను. "వదినా, మీ కూడిక వాళ్ళు నన్ను ఇంకా వదల్లేదా?" అన్నారు. "దానికి 'అక్క వద్దంది' అని చెప్పండి చాలు, మర్చిపోకండి" అన్నాను. చెప్తానన్నారు.

నువ్వు నిజం చెప్తే ఏమవుతుందో నాకు తెలీదు. అంతా మంచే జరుగుతుందని రాయలేను. ఓదార్పులు వద్దని మొదట్లోనే అనుకున్నాం. ఏం జరిగినా నేను నీ పక్కన నిలబడతాను. అంతే చెప్పగలను.

నిన్ను తప్పుదారి పట్టించిన,
అక్క

*

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

అక్కా,

ఇది నీకు చేరేసరికి ఆదివారం దాటిపోతుంది. ఆదివారం మన ఉపవాసం అవగానే నేనే ఫోన్ చేస్తాను. "చెప్పేశాను" అంటాను, అంతే. ఆపైన అడగకు, ఏడుపొస్తుంది. మిగతాదంతా ఇందులో ఉంది.

నీ స్ట్రిప్పు ఎనిమిదో తారీకున వచ్చింది. మర్నాడు మీ మరిది, "మీ అక్క వద్దందట, మర్చిపోకుండా చెప్పమంది" అన్నారు. దేన్ని వద్దన్నావో ఆయనకి తెలీదు. నాకు తెలుసనుకున్నాను. నోరు విప్పొద్దని రెండోసారి కబురు పెట్టావనుకున్నాను. "సరే అని చెప్పండి" అన్నాను.

వారం రోజులు ఆ కాగితం పర్సులో పెట్టుకుని తిరిగాను. యంత్రంలో మారిన గీతలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే నలుపు. నీ ఇస్త్రీ కింద మారినవి ఒక కొస దగ్గర మాత్రం గోధుమరంగులో ఆగిపోయాయి. పరీక్షగా చూస్తేనే తెలుస్తుంది. పరీక్షగా ఎవరు చూస్తారు?

నిన్న ఉదయం ఆరింటికి రిజిస్టరు తెరిచి, పక్కన జిగురు సీసా మూత తీసి పెట్టుకున్నాను. అది మన చదువుకునే వేళ. చేయి అలవాటుగా గ్రంథం మీదికి వెళ్ళింది. చలిమంట భాగం పైకి చదివాను. యంత్రం వేడెక్కుతోంది, గది వెచ్చగా ఉంది. పూర్తవలేదు, తలుపు తోసుకుని పెద్ద సిస్టరు వచ్చారు. కమిటీ రోజు కదా, ఆవిడకీ నిద్ర లేనట్టుంది. సంచి కింద పెట్టకుండానే, "దొరికిందా తల్లీ?" అన్నారు.

ఆ మంట దగ్గర అడిగింది కూడా ఒక ఆడమనిషే అక్కా. గద్దించి కాదు, ఇలా మామూలుగానే అడిగి ఉంటుంది.

"పోతే కదా సిస్టర్ దొరకడానికి" అన్నాను. అక్కడినుంచి ఆపలేదు. కరెంటూ, కిటికీ, నలభై రెండు అడుగులూ, నీకు పంపటం, ఇస్త్రీపెట్టె, జిగురు సీసా, అన్నీ చెప్పాను. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నువ్వు నలభై రెండు అడుగులు నడవలేదు. నేను ఆ పేజీ చూడటానికి కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు" అన్నారు. తర్వాత లేచి జిగురు సీసాకి మూత పెట్టారు.

కమిటీ ముందు ఇద్దరం నిలబడ్డాం. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?" అని ఒకాయన అరిచాడు. వాళ్ళు యంత్రం నడిపి, నాలుగు మూలలా స్ట్రిప్పులు పెట్టి చూశారు. కింది అరలో తలుపు వైపు పెట్టింది గులాబీగానే బయటికొచ్చింది. తలుపు రబ్బరు అరిగి ఆవిరి పోతోందట. మేం స్ట్రిప్పు ఎప్పుడూ మధ్యలోనే పెడతాం, అందుకని తెలియలేదు. ఎన్నాళ్ళ నుంచి పోతోందో ఎవరికీ తెలీదు. అప్పటికే రెండు మూటలు థియేటర్ బండి మీద ఉన్నాయి. తొందరమ్మే వెనక్కి తెచ్చింది. కిటికీ అవతల అలాగే నిలబడిపోయింది. ఆవిడ ఒక్కచోట అంతసేపు నిలబడటం అదే చూడటం.

నన్ను ప్రస్తుతానికి పనిలోంచి ఆపారు. మంగళవారం తేలుస్తారు. పోలీసులన్న మాట కూడా వినపడింది. పెద్ద సిస్టరునీ సంజాయిషీ అడిగారు. రాత్రి మీ మరిదికి చెప్పాను. ఉదయం లేచేసరికి నా చెప్పులు తుడిచి గుమ్మంలో పెట్టి ఉన్నాయి.

నిన్ననే ప్లంబరు దగ్గరికీ వెళ్ళాను. జ్వరం తగ్గింది గానీ కాలు కర్రలా బిగుసుకుంది. చెప్పాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య, "ఆ రోజే నోరు తెరిస్తే ఏం పోయేది నీకు?" అంది. వచ్చేస్తుంటే వెనకనుంచి, "రేపు కూడా వస్తావా, చెప్పేశాను కదా అని చేతులు దులుపుకుంటావా?" అంది. వస్తానన్నాను. ఇవాళ వెళ్ళాను. లోపలికి రానివ్వలేదు. వరండాలో బల్ల చూపించింది, ఇన్నాళ్ళూ తను కూర్చున్న బల్ల. గంటసేపు అక్కడే కూర్చున్నాను. రేపూ వెళ్తాను.

ఇవాళ ఇంటికొచ్చేసరికి తొమ్మిదో తారీకు నాటి నీ ఉత్తరం ఉంది. కంగారులో మా పాత ఇంటి చిరునామా రాశావు, ఆ ఇంటాయన తెచ్చిచ్చాడు. చదివి ఒకసారి నవ్వాను కూడా. బతుకులో మొదటిసారి అక్క మాట కాదన్నాననుకుని నిన్నంతా వణికిపోయాను. తీరా చూస్తే అది నీ మాటే.

గడియారం సంగతి నేనూ మర్చిపోలేదు. ఊడ్చే ఆవిడ ఎడంకాలు కొంచెం ఈడ్చేది కదూ?

భయం పోలేదక్కా. కానీ ఇన్నాళ్ళూ భయపడి వెనక మెట్ల నుంచి తిరిగేదాన్ని. ఇవాళ అదే భయంతో ముందు వరండాలోంచి నడిచాను.

ఆ స్ట్రిప్పు ఇక నీకు రాదు. నలుపుకీ నలుపుకీ తేడా చూపించడానికి కమిటీ వాళ్ళు ఫైల్లో పెట్టుకున్నారు. పేజీ గుర్తుకి వేరే కాగితం ఏదైనా చూసుకో. ఆరింటికి చదువు. నేనూ చదువుతాను.

నీ పిచ్చుక